ఉప్పల్, నాచారంలో సోలార్ బ్యాటరీ కొనే ముందు: నాణ్యతను పోల్చి చూసుకునే పద్ధతులు

కరెంటు స్తంభం అందని చెలకలో నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, అడవి పందుల బెడదకు సోలార్ ఫెన్సింగ్, ఈ మధ్య ఒక సిమ్ కెమెరా. వీటి కోసం సోలార్ ప్యానెల్ పెట్టుకుంటున్న చిన్న రైతులు పెరిగారు. ప్యానెల్‌తో పెద్ద చిక్కు ఉండదు. ఒకసారి సరిగా బిగిస్తే ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తుంది. డబ్బు పోయేది బ్యాటరీ దగ్గరే. అయిదేళ్లు వస్తుందనుకున్నది ఏడాదిన్నరకే చేతులెత్తేస్తుంది. అదీ మొక్కజొన్న కంకి పట్టే వేళ ఫెన్సింగ్ ఆగిపోయిన రాత్రి తెలుస్తుంది.

భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ వైపు రైతులకు వరంగల్ రోడ్డు పట్టుకుని ఉప్పల్ రావడం అలవాటు. ఉప్పల్ చౌరస్తా నుంచి ఒకపక్క ఉప్పల్ పారిశ్రామికవాడ, ఇంకోపక్క హబ్సిగూడ మీదుగా నాచారం, మల్లాపూర్. ఈ చుట్టుపక్కల నాలుగు చోట్ల "150 ఏహెచ్ బ్యాటరీ" అని అడిగి చూడండి. నాలుగు ధరలు చెబుతారు. తేడా నాలుగైదు వేల దాకా ఉంటుంది. అంకె ఒకటే, డబ్బా కూడా చూడటానికి ఒకేలా ఉంటుంది. మరి తేడా ఎక్కడిది? ఏ షాపులో కొనాలో ఈ వ్యాసం చెప్పదు. ఏ షాపుకు వెళ్లినా ఏం అడగాలి, ఏం చూడాలి, ఇంటికి తెచ్చాక ఎలా పరీక్షించుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

అసలు బ్యాటరీ కావాలా?

బోరు మోటరు నడపడానికే అయితే బ్యాటరీ ఆలోచన మానుకోండి. 3 హెచ్‌పీ మోటరు గంటకు రెండు యూనిట్లకు పైగా కరెంటు తీసుకుంటుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది మొత్తం 1.8 యూనిట్లు (12 × 150 = 1800 వాట్ అవర్లు). అందులో బ్యాటరీ పాడవకుండా రోజూ వాడుకోగలిగింది సగమే, అంటే 0.9 యూనిట్. రెండు గంటలు మోటరు నడవాలంటే ఇలాంటివి అయిదారు కావాలి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ కింద ఇచ్చే సోలార్ పంపుసెట్లు ఎండకు నేరుగా నడిచేది ఇందుకే. పగలు నీళ్లు తోడి తొట్టిలోనో, ఫారం పాండ్‌లోనో నిల్వ చేసుకోవడం చవక. కరెంటును నిల్వ చేయడం కంటే నీళ్లను నిల్వ చేయడం ఎప్పుడూ చవకే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి, లైను ఉన్న బోరుకు ఈ ఖర్చు అసలే అక్కర్లేదు.

బ్యాటరీ పనికొచ్చేది చిన్న చిన్న లోడ్లకు. కొట్టంలో లైట్లు, ఫ్యాను, ఫోను, కెమెరా, ఫెన్సింగ్ మిషను. ఫెన్సింగ్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. బ్యాటరీ అయిపోయిందని కంచె తీగకు లైను కరెంటు నేరుగా తగిలించకండి, ఒక్క రాత్రికి కూడా. మనుషులు చనిపోతున్నారు, కేసు కూడా అవుతుంది. కంచెకు ఎనర్జైజర్ మిషను ద్వారా ఆగి ఆగి వెళ్లే పల్స్ మాత్రమే ఉండాలి.

ట్రాక్టర్ బ్యాటరీతో సరిపెట్టుకుంటే?

చాలామంది చేసే పని ఇదే, నేనూ చేశాను. కొట్టంలో లైట్లకు ఒక కారు బ్యాటరీ తెచ్చి పెట్టాను. అమ్మినాయన "బ్యాటరీ బ్యాటరీయే సార్" అన్నాడు. మొదటి మూడు నెలలు రాత్రంతా వెలిగింది. దసరా నాటికి పది గంటలకే మసకబారింది. సంక్రాంతికి ప్యానెల్ కింద ఎండకు పెట్టిన డబ్బాగా మిగిలింది. వారంటీ అడిగితే, బండికి కాకుండా వేరే పనికి వాడితే వారంటీ వర్తించదని కార్డు మీద చిన్న అక్షరాలతో ఉంది చూపించారు. తప్పు నాదే.

కారు, ట్రాక్టర్ బ్యాటరీ పని స్టార్టర్ తిప్పడం. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే డైనమో నుంచి తిరిగి నిండిపోతుంది. అందుకని దానిలో పలచని సీసపు ప్లేట్లు ఎక్కువగా పేరుస్తారు. సోలార్‌లో పని దీనికి తిరగబడింది. తక్కువ కరెంటు, కానీ రాత్రంతా. రోజూ సగం దాకా ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. ఇలా ప్రతిరోజూ లోతుగా దిగితే పలచని ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగున చేరుతుంది. లోతుగా వాడుకోవడానికి చేసిన వాటినే డీప్ సైకిల్ బ్యాటరీలు అంటారు. మన మార్కెట్‌లో ఆ పేరుతో అడిగితే కొందరికి అర్థం కాకపోవచ్చు. "సోలార్ ట్యూబులర్, సి10" అని అడగండి.

ట్యూబులర్‌లో పాజిటివ్ ప్లేటు పలకలా ఉండదు. సీసపు కడ్డీల చుట్టూ గుడ్డ గొట్టాలు తొడిగి, వాటిలో మందు దట్టించి ఉంటుంది. గొట్టం పట్టి ఉంచుతుంది కాబట్టి మందు తొందరగా రాలదు. ఇళ్లలో ఇన్వర్టర్ కింద కనిపించే పొడవాటి బ్యాటరీలు చాలావరకు ఇవే.

ఏహెచ్ అంకె పక్కన ఏముందో చూడండి

ధరల్లో తేడాకు మొదటి కారణం ఇదే. స్టిక్కర్ మీద 150 ఏహెచ్ పక్కన చిన్నగా సి20 అనో సి10 అనో ఉంటుంది.

సి20 అంటే ఇరవై గంటలపాటు మెల్లగా, గంటకు 7.5 ఆంపియర్ల చొప్పున తీస్తే 150 వస్తుందని అర్థం. సి10 అంటే పది గంటల్లో, 15 ఆంపియర్ల చొప్పున తీసినా 150 వస్తుందని. బ్యాటరీ నుంచి ఎంత తొందరగా తీస్తే అంత తక్కువ వస్తుంది. ఆవు చేపుకు వచ్చేదాకా ఆగి పితికినట్టు, మెల్లగా తీస్తేనే పూర్తిగా ఇస్తుంది. సి20 లెక్కన 150 అని రాసిన బ్యాటరీ సి10 లెక్కన సుమారు 120 నుంచి 130 వరకే ఇస్తుంది. కాబట్టి సి20 మీద 150 ఉన్నది, సి10 మీద 150 ఉన్నది ఒకే సరుకు కాదు. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలకు ఎక్కువగా సి20 రాస్తారు, సోలార్ వాటికి సి10. ఏమీ రాయకపోతే డీలర్ దగ్గర కంపెనీ కాగితం అడిగి చూడండి. అది కూడా లేదంటే ఆ బ్యాటరీని పక్కన పెట్టండి.

స్టిక్కర్ మీద ఐఎస్ నంబరు కూడా వెతకండి. సోలార్ పనికి వాడే బ్యాటరీలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 16270. నీళ్లు పోసే ట్యూబులర్ మోనోబ్లాక్‌లకు ఐఎస్ 13369, సీలు చేసిన వాటికి ఐఎస్ 15549. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి లైసెన్సో, అది నడుస్తోందో లేదో వస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని.

కంపెనీ పేరు ఒక్కటే చూసి కొనడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మన దగ్గర బ్యాటరీల తయారీ కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో హెచ్‌బీఎల్ 1977లో, తిరుపతి దగ్గర అమరరాజా 1985లో మొదలయ్యాయి. అయితే ఏ పెద్ద కంపెనీ అయినా చవక రకం, మధ్య రకం, ఖరీదు రకం మూడూ తయారు చేస్తుంది. పేరు ఒకటే ఉన్నా లోపలి సీసం ఒకటే కాదు. పేరుతోపాటు మోడల్ నంబరు కూడా రాసుకుని, దానితోనే మూడు షాపుల్లో ధర అడగండి. అప్పుడే పోలిక సరైన పోలిక అవుతుంది.

షాపులో చేతితో, కంటితో, కాటాతో

బ్యాటరీలో ఖరీదైనది సీసం. ఒకే రకం, ఒకే ఏహెచ్ చెప్పే రెండు ట్యూబులర్‌లలో ఒకటి అయిదారు కిలోలు తక్కువ తూగితే, తగ్గింది ఎక్కువగా సీసమే. పత్తి తూకంలో కిలో తేడా వస్తే ఊరుకోని మనం, పదిహేను వేల వస్తువును తూకం వేయకుండా తెచ్చుకుంటాం. కంపెనీ కాగితంలో యాసిడ్ లేకుండా ఎంత, యాసిడ్‌తో ఎంత అని రెండు బరువులూ ఉంటాయి. షాపులో కాటా లేకపోతే పక్కన పాత ఇనుము, పాత బ్యాటరీలు కొనే చోట తప్పకుండా ఉంటుంది. కాగితంలో రాసిన దానికి ఒకటి రెండు కిలోల తేడా సహజం. అంతకు మించితే కారణం అడగండి.

తర్వాత తయారీ తేదీ. ఒక్కో కంపెనీ ఒక్కో కోడ్‌లో గుద్దుతుంది. డీలర్‌ను అడిగి, ఆయన చెప్పిన నెల, సంవత్సరం బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అర్థం చేసుకోవచ్చు. యాసిడ్ నింపిన బ్యాటరీ వాడకపోయినా ప్రతి నెలా కొంత కొంత దానంతటదే ఖాళీ అవుతుంది, వేడిలో ఇంకా తొందరగా. ఛార్జింగ్ లేకుండా ఆరు నెలలు షెడ్డులో పడి ఉన్నది కొత్తదే అయినా ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేట్ గడ్డకట్టి, సత్తువ తగ్గి ఉంటుంది.

పాతదాన్ని కొత్తదిగా అమ్మే మోసం కూడా ఉంది. డబ్బా కడిగి, స్టిక్కర్ మార్చి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి ఉదయం 13 వోల్టులు చూపిస్తారు. ఛార్జింగ్ తీసిన వెంటనే కనిపించే ఆ వోల్టేజీ పైపై పొంగు మాత్రమే, దాన్ని నమ్మొద్దు. టెర్మినళ్లు చూడండి. కొత్త సీసం మెరుస్తూ, బిగింపు గీతలు లేకుండా ఉండాలి. మూతలు విప్పించి టార్చి వేసి లోపలికి చూడండి. యాసిడ్ నీళ్లలా తేటగా ఉండాలి. గోధుమ రంగో, నలుపో కనిపిస్తే ప్లేట్లు రాలుతున్నట్టు. స్టిక్కర్ అంచు కింద ఇంకో స్టిక్కర్ జిగురు తగులుతుందేమో గోటితో చూడండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం కదా.

ఆ తర్వాత హైడ్రోమీటర్. డీలర్ దగ్గర ఉంటుంది, అయినా మీ సొంతానికి ఒకటి కొనుక్కోండి. పెద్ద ఖర్చు కాదు. ఆరు గదుల్లోనూ యాసిడ్ గాఢత కొలవండి. ఎక్కువ ట్యూబులర్ బ్యాటరీలలో పూర్తి ఛార్జింగ్ దగ్గర 27 డిగ్రీల వద్ద 1240 ప్రాంతంలో ఉండాలి. కంపెనీ వేరే అంకె ఇస్తే అదే ప్రమాణం. అసలు అంకె కంటే ముఖ్యం ఆరు గదుల మధ్య తేడా. అయిదు గదుల్లో 1240 ఉండి ఒకదానిలో 1200 ఉంటే ఆ గదిలో లోపం ఉంది. ఆ బ్యాటరీ వద్దు. 30 పాయింట్లకు మించి తేడా ఉన్నది కొనకండి.

మల్టీమీటర్‌తో చూసేటప్పుడు ఒక చిన్న సూత్రం పనికొస్తుంది. గాఢతకు 0.84 కలిపితే ఒక గది వోల్టేజీ వస్తుంది. 1.240 + 0.84 = 2.08. ఆరు గదులకు సుమారు 12.5 వోల్టులు. ఛార్జింగ్ తీసి కొన్ని గంటలు ఊరకుంచిన మంచి ట్యూబులర్ చూపాల్సింది ఇంతే. "కారు బ్యాటరీ 12.7 చూపిస్తుంది, ఇది తక్కువ చూపిస్తోంది" అని కంగారు పడొద్దు, కారు బ్యాటరీలో యాసిడ్ ఎక్కువ గాఢంగా ఉంటుంది.

ఆఫీసులు, ఏటీఎంల యూపీఎస్‌ల నుంచి తీసేసిన సీల్డ్ బ్యాటరీలు కూడా నగరంలో సగం ధరకు దొరుకుతాయి. ఇవి ఎప్పుడూ నిండుగా ఉండి, కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకోవడానికి చేసినవి. కాలం తీరిందనే వాటిని తీసేస్తారు. నా సలహా వద్దనే. కొనక తప్పకపోతే పాత సామాను ధరకు, కింద చెప్పిన బల్బుల పరీక్ష చేశాకే తీసుకోండి.

ధర కాదు, యూనిట్‌కు ఎంత పడుతుందో లెక్క

మూడు రకాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇక్కడి ధరలు, సైకిళ్ల సంఖ్యలు లెక్క చూపించడానికి వేసుకున్నవే. మీకు షాపులో ఇచ్చిన అంకెలు వీటి స్థానంలో వేసుకోండి. ఒకసారి ఖాళీ చేసి నింపితే ఒక సైకిల్, అంటే మనకు దాదాపు ఒక రోజు.

మొదటిది 12,000 రూపాయల చవక ఫ్లాట్ ప్లేట్ ఇన్వర్టర్ బ్యాటరీ, 150 ఏహెచ్ సి20. సి10 మీద 130 అనుకుంటే సగం వాడకానికి రోజుకు 0.78 యూనిట్. 500 సైకిళ్లు వస్తే మొత్తం 390 యూనిట్లు. యూనిట్‌కు 30 రూపాయల పైమాట.

రెండోది 16,000 రూపాయల సోలార్ ట్యూబులర్, 150 ఏహెచ్ సి10. రోజుకు 0.9 యూనిట్, 1500 సైకిళ్లు, మొత్తం 1350 యూనిట్లు. యూనిట్‌కు 12 రూపాయలు.

మూడోది 30,000 రూపాయల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు 100 ఏహెచ్. దీన్ని 80 శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి రోజుకు 1.02 యూనిట్. 3000 సైకిళ్లకు 3070 యూనిట్ల దాకా. యూనిట్‌కు 10 రూపాయల లోపు.

నాలుగు వేలు మిగిలాయనుకున్న మొదటి బ్యాటరీయే అన్నిటికంటే ఖరీదు పడింది. కంపెనీలు కాగితం మీద సైకిళ్లు ఉదారంగానే రాస్తాయి. అందుకే ఎంత లోతుకు, ఎన్ని డిగ్రీల దగ్గర లెక్కకట్టారో ఆ వరుసలోనే చూడండి. 20 శాతం లోతుకు 5000 సైకిళ్లు అని ఒకరు, 80 శాతం లోతుకు 1500 అని ఇంకొకరు రాస్తే ఆ రెంటినీ పోల్చలేం.

లిథియం లెక్కలో గెలుస్తుంది. 100 ఏహెచ్‌ది పది పన్నెండు కిలోలే ఉంటుంది, నీళ్లు పోసే పని లేదు. కానీ లోపల బీఎంఎస్ అనే కంట్రోల్ కార్డు ఒకటి ఉంటుంది. అది పోతే సెల్స్ బాగున్నా బ్యాటరీ మొత్తం చచ్చినట్టే, ఊళ్లో బాగు చేసేవాళ్లు ఉండరు. పైగా వాడి తీసేసిన సెల్స్‌తో ప్యాకులు కట్టి కొత్తవని అమ్మేవాళ్లూ ఉన్నారు. రాతపూర్వక వారంటీ, బిల్లు ఇచ్చే తయారీదారు అయితేనే, మీ ఛార్జ్ కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటేనే దానివైపు వెళ్లండి. కొట్టం ఎప్పుడూ మనుషులు తిరిగే చోటు కాకపోతే దొంగల భయం కూడా లెక్కలో వేసుకోండి, పది కిలోల డబ్బాను చంకలో పెట్టుకుపోవచ్చు. ఇవన్నీ చూశాక, నీళ్లు పోసే ఓపిక ఉన్న చిన్న రైతుకు ఇవాళ్టికి సి10 ట్యూబులరే సరైనదని నా అభిప్రాయం. స్ప్రేయర్ డబ్బాల్లోని చిన్న 12 వోల్టుల బ్యాటరీల విషయం వేరు. అక్కడ భుజం మీది బరువు తగ్గుతుంది కాబట్టి లిథియంకు మారడం మేలే.

మీకు ఎంత ఏహెచ్ కావాలి?

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, అయిదు గంటలు: 180. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు: 224. 6 వాట్ల కెమెరా రోజంతా: 144. ఫోను: 20. మొత్తం 568 వాట్ అవర్లు. వైర్లలో, కంట్రోలర్‌లో పోయేది కలిపితే సుమారు 670. దీన్ని 12తో భాగిస్తే 56 ఏహెచ్. సగమే వాడాలి కాబట్టి 112 ఏహెచ్ సి10 కనీసం ఉండాలి. 150 తీసుకుంటే ముసురు పట్టిన రోజు కొంత ఊపిరి ఉంటుంది.

పెద్ద బ్యాటరీ కొని చిన్న ప్యానెల్ పెట్టడం ఇంకో పొరపాటు. 150 ఏహెచ్ ట్యూబులర్‌కు కనీసం 15 ఆంపియర్ల ఛార్జింగ్ అందాలి, అంటే 210 వాట్లకు తగ్గకుండా ప్యానెల్. 250 ఉంటే మంచిది. వంద వాట్ల ప్యానెల్‌తో సగం నిండి సగం ఖాళీగా ఉండే బ్యాటరీ ఎంత మంచిదైనా సల్ఫేట్ పట్టి పోతుంది. తర్వాత నింద బ్యాటరీ కంపెనీ మీద పడుతుంది.

ఇంటికి తెచ్చాక మూడు బల్బుల పరీక్ష

వారంటీ కార్డు చేతిలో ఉన్న మొదటి నెలలోనే ఇది చేయండి. చెలకలో కాకుండా, కరెంటు ఛార్జర్ గానీ ఇన్వర్టర్ గానీ ఉన్న ఇంటి దగ్గర చేయాలి. ఎందుకంటే పరీక్ష అయిన వెంటనే తిరిగి నింపాలి.

వాహనాల స్పేర్ పార్టుల షాపులో 12 వోల్టుల, 60 వాట్ల హెడ్‌లైట్ బల్బులు మూడు తెచ్చుకోండి. ఒక్కోటి సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. మూడు కలిపితే 15, అంటే 150 ఏహెచ్ బ్యాటరీకి సరిగ్గా సి10 లోడు. 100 ఏహెచ్ అయితే రెండు బల్బులు చాలు. బ్యాటరీని పూర్తిగా నింపి, ఒక రాత్రి ఊరకుంచండి. ఉదయం ఆరు గదుల గాఢత, మొత్తం వోల్టేజీ నోటుబుక్కులో రాసుకోండి. మధ్యలో 25 ఆంపియర్ల ఫ్యూజు వేసి బల్బులను తగిలించండి. బల్బులు విపరీతంగా వేడెక్కుతాయి, ఇటుకల మీద పెట్టి గడ్డికి, పిల్లలకు దూరంగా ఉంచండి.

గంట గంటకు వోల్టేజీ, ఆంపియర్లు రాయండి. ఎనిమిదో గంట తర్వాత పావుగంటకోసారి చూడండి. 10.8 వోల్టులకు రాగానే ఆపేయాలి, కంపెనీ కాగితంలో ఇంకా ఎక్కువ వోల్టేజీ దగ్గర ఆపమంటే అక్కడే. గంటలను సగటు ఆంపియర్లతో గుణిస్తే మీ బ్యాటరీ అసలు ఏహెచ్ వస్తుంది. ఉదాహరణకు సగటు 14 ఆంపియర్లతో తొమ్మిది గంటలు వెలిగితే 126 ఏహెచ్. రాసింది 150 కదా అని వెంటనే గొడవకు వెళ్లకండి. కొత్త ట్యూబులర్ మొదటిసారే పూర్తి సత్తువ చూపదు, కొన్నిసార్లు దిగి నిండాక పెరుగుతుంది. పది పదిహేను రోజుల వాడకం తర్వాత మళ్లీ చేసి చూడండి, పెరిగి ఉండాలి. అయిదారు గంటలకే ఆగిపోయి, రెండోసారీ అంతే వస్తే మాత్రం ఆ నోటుబుక్కు కాగితం, బిల్లు పట్టుకుని డీలర్ దగ్గరకు వెళ్లండి. అంకెలు రాసుకున్న రైతుతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఆపిన గంటలోపే ఛార్జింగ్ పెట్టండి. ఖాళీ బ్యాటరీని రాత్రంతా వదిలేయకూడదు. ఈ పరీక్ష ఏడాదికి ఒకసారి, వానాకాలం ముందు చేస్తే చాలు. ఒకటి రెండేళ్లకు సత్తువ ఎంత తగ్గిందో అదే పుస్తకంలో కనిపిస్తుంది. 80 శాతం కిందికి వస్తే మార్చడానికి డబ్బు సర్దుకోవడం మొదలుపెట్టండి.

లిథియానికీ ఇదే పరీక్ష. అయితే దాని వోల్టేజీ చివరిదాకా 13 దగ్గరే నిలిచి, ఆఖరున ఒక్కసారిగా పడిపోయి బీఎంఎస్ ఆపేస్తుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, గంటలే లెక్క.

బిల్లు, వారంటీ

"60 నెలల వారంటీ" అంటే అయిదేళ్లూ కొత్తది ఇస్తారని కాదు. లోపల 36+24 అని ఉండొచ్చు. మొదటి 36 నెలలు ఉచితంగా మార్పు, తర్వాతి 24 నెలలు కొత్తదాని ధరలో కొంత తగ్గింపు మాత్రమే. పోల్చేటప్పుడు మొదటి అంకెనే చూడండి. సోలార్ వాడకానికి వర్తిస్తుందని కార్డులో ఉండాలి. జీఎస్టీ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, తేదీ, కార్డు మీద డీలర్ ముద్ర తప్పనిసరి. బిల్లు లేకపోతే వెయ్యి తగ్గిస్తామంటారు. ఆ వెయ్యి కోసం వారంటీ మొత్తం వదులుకున్నట్టే.

డీలర్, కంపెనీ ఇద్దరూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు కొనుగోలు మీద వేసే కేసుకు ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, కొన్నది ఉప్పల్‌లో కదా అని అక్కడికి తిరగాల్సిన పని లేదు.

తెచ్చే దారి, పెట్టే చోటు

యాసిడ్ నింపిన బ్యాటరీని నిలువుగా, తాడుతో కట్టి ట్రాలీ ఆటోలో తెచ్చుకోండి. బైకు వెనక పెట్టుకుని నారపల్లి దాకా ఆ గుంతల మీద తేవడం చూశాను, యాసిడ్ ప్యాంటుతోపాటు కాలునూ కాల్చింది. యాసిడ్ పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలి.

రేకుల షెడ్డులో పైకప్పు కింద పెట్టకండి. వేడి లెడ్ యాసిడ్ బ్యాటరీకి పెద్ద శత్రువు. ఎప్పుడూ పది డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. చెట్టు నీడన గాలి ఆడే గూడు కట్టి, చెక్క పలక మీద పెట్టండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గూడు మూసేయొద్దు, దగ్గర బీడీ వెలిగించొద్దు.

నెలకోసారి నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లలోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి. ఊళ్లోని ఆర్వో ప్లాంట్ నీళ్లు తాగడానికి బాగుంటాయి గానీ వాటిలోనూ కొంత ఉప్పు మిగిలి ఉంటుంది, పోయకండి. మట్టం తగ్గిందని యాసిడ్ అసలే పోయకూడదు. తగ్గేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది.

పాతబడిన బ్యాటరీని ఊళ్లో తిరిగే పాత సామాను బండికి వేయకుండా, కొత్తది కొనే డీలర్‌కే ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. సీసానికి కిలోల లెక్కన ధర ఉంటుంది కాబట్టి, ఇచ్చే ముందు దాన్నీ కాటా మీద పెట్టించి, ఆ మొత్తం కొత్త బిల్లులో తగ్గించి చూపమనండి. యాసిడ్‌ను చేనులోనో, బోరు పక్కనో ఒంపేసి ఖాళీ డబ్బా తీసుకెళ్లే పని మాత్రం చేయొద్దు. అందులో కరిగిన సీసం ఆ మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.